ఉప్పునేల మీద కొండ ఆవులు

బహ్రెయిన్ వెళ్ళొచ్చానంటే మా ఊళ్ళో అందరూ ముందు బంగారం గురించి అడిగారు, తర్వాత ఎండ గురించి. నేను చూసిన బహ్రెయిన్‌లో ఎండ తక్కువ, పొగమంచు ఎక్కువ. బంగారం అద్దాల వెనక ఉంది. ఆవులు మాత్రం చేతికందేంత దగ్గరగా ఉన్నాయి. ఆవుల సంగతి చెబితే "వాటి కోసం అంత దూరం వెళ్ళాలా" అని నవ్వుతారని ఎవరికీ చెప్పలేదు. ఎదురుగా మనిషి ఉంటే నాకు మాట పెగలదు. కాగితం నవ్వదు కదా, అందుకని రాస్తున్నాను.

మంచులో దిగిన దీవి

అక్క, బావ అక్కడ జింజ్ అనే పేటలో ఒక అరబ్బు ఇంట్లో పనిచేస్తారు. అక్క వంటింట్లో, బావ బండి మీద. ఆ ఏడాది అక్కకి కడుపులో ఆపరేషన్ అయింది. మంచం దిగి తిరిగేదాకా తోడుగా చెల్లెల్ని పిలిపించుకోమని ఆ ఇంటి యజమానురాలే చెప్పి, నాకు విజిట్ వీసా ఇప్పించింది. తొంభైల నడిమి మాట. జనవరి నెల.

విమానంలో నా పక్క సీటులో జగిత్యాల వైపు మేస్త్రీ ఒకాయన కూర్చున్నాడు. కాసేపటికి సంచీలోంచి సకినాలు తీసి, నా చేతిలో రెండు పెట్టాడు.

"దుబాయి వోతున్నవా చెల్లె?"

"బహ్రెయిన్‌కండి."

"అదేనే, దుబాయే. నేను సుత గా దుబాయికే వోతున్న."

ఇద్దరం ఒకే విమానంలో ఉన్నాం కనుక కాదనడానికి లేదు. సకినాలు తింటూ కిటికీలోంచి చూశాను. కింద సముద్రం ఉంటుందని ఆశపడితే, ఆరబోసిన దూదిలాగా తెల్లగా మంచు కనిపించింది. ఆ మంచులోకే దిగాం. నేల ఎప్పుడు తగిలిందో కుదుపు వల్ల తెలిసింది గానీ కంటికి తెలియలేదు. ఇప్పటికీ ఆ దేశం నాకు కొంచెం కల్పించిన చోటులాగే అనిపిస్తుందంటే దానికి ఆ రాకడే కారణం.

బయట బావ పికప్ వేసుకొని నిలబడ్డాడు.

"ఏమ్మా మరదలా, ఏసీ కారు తెస్తాననుకున్నావా? ఇదేనండి మా పుష్పకం, ఆయ్!"

పుష్పకం వెనక నిండా పచ్చిగడ్డి మోపులు. జత్ అంటారట దాన్ని. పిల్లిపెసర కోసినప్పుడు వచ్చే వాసనే. కొత్త దేశంలో మొదటి ఊపిరికే గోదావరి లంకలో పొలం గట్టు గుర్తొచ్చింది.

జింజ్, సేమ్యా మీద అట్టు

పెద్ద ఇంటి వెనక ప్రహరీని ఆనుకొని అక్కా బావల గది. అక్క చిక్కిపోయింది గానీ నోరు తగ్గలేదు. "ఒసేయ్ చిట్టీ, ఇంత దూరం వచ్చి కూడా తల వంచుకునే ఉన్నావేంటే? నేలకేమన్నా చీర కట్టారా చూడ్డానికి?" అంది, నన్ను చూసిన ఆనందంలో.

యజమానురాలిని అక్క మామా అంటుంది, అక్కడి మాటలో అమ్మా అని. మర్నాడు పొద్దున్నే ఆవిడే నాకు పళ్ళెం పంపించింది. యాలకులు, కుంకుమపువ్వు వేసిన తియ్యటి సేమ్యా. దాని మీద దుప్పటి కప్పినట్టు కోడిగుడ్డు అట్టు! మన పాయసం మీద ఎవరైనా ఆమ్లెట్ పరిస్తే ఇంట్లోంచి గెంటేస్తారు. రెండు ముద్దలు భయంగా తిన్నాను, మిగతాది పళ్ళెం నాకినంత పని చేశాను. రొట్టెలు మాత్రం ఇంట్లో చెయ్యరు. వీధి చివర మట్టి పొయ్యి దగ్గర, వంద ఫిల్సు ఇస్తే చేట అంతేసి రొట్టెలు కాగితంలో చుట్టి ఇస్తారు. మనం మర్యాదకు గుమ్మం దాకా సాగనంపినట్టు, వాళ్ళు మర్యాదకు కాఫీ పోస్తూనే ఉంటారు. చాలంటే చిన్న గిన్నెను చేతిలో అటూ ఇటూ ఆడించాలి. ఆ సంగతి తెలియక, వద్దని చెప్పడానికి సిగ్గుపడి, ఆ చేదు కాఫీ ఆరు గిన్నెలు తాగాను. ఆ రాత్రి నిద్ర లేదు.

ఆ ఇంట్లో పాలు తక్కువయ్యాయన్న మాట నాలుగోసారి విన్నాక అక్కని అడిగాను. అప్పుడు చెప్పింది ఆవుల కథ.

యజమాని చిన్నప్పుడు తండ్రితో యెమెన్ కొండల్లో తిరిగాడట. మబ్బులు గుమ్మంలోంచి వచ్చి కిటికీలోంచి పోయే ఊళ్ళు. అక్కడ ఇంటికొక్క ఆవు, దాన్ని పిల్లలా చేత్తో తినిపించి పెంచుతారు. ఆ పాల రుచి మరిచిపోలేక, కిందటేడు ఆ కొండ ఊళ్ళలోంచి ఎనిమిది ఆవుల్ని కొని ఓడలో తెప్పించాడు. వచ్చిన దగ్గర్నించీ జబ్బే. ఒకదాని తర్వాత ఒకదానికి పారుడు. నీళ్ళలాగా పోతూ డొక్కలు అంటుకుపోయి నిలబడేవి. కొన్ని తేరుకున్నాయి, రెండు చచ్చిపోయాయి. చూలు నిలిచినవేమో నెలలు నిండకుండానే ఈచుకుపోతున్నాయి.

"ఇక తెల్లావు ఒక్కటే చూడితో ఉంది. అది కూడా ఈచుకుపోతే మందనంతా కసాయికి తోలేస్తానన్నాడు అర్బాబు. తోలేస్తే మల్లన్న వీసా ఖలాసే," అంది అక్క. యజమానిని అక్కడ అర్బాబు అంటారు.

"మల్లన్న ఎవరు?"

"చూస్తావుగా. నీకంటే తక్కువ మాట్లాడతాడు."

ఖర్జూరం నీడలో

దీవికి పడమటి వైపున అర్బాబు తోట. బావ గడ్డి దింపడానికి వెళ్తూ నన్ను తీసుకెళ్ళాడు. ఖర్జూరపు చెట్లు, వాటి మధ్య పాత ఊట నీళ్ళు పారే సన్నని కాలవలు. మంచులో చెట్ల తలలు కనబడక, మొదళ్ళు మాత్రం స్తంభాల్లా నిలబడ్డాయి. ఎక్కడో గంట మోగింది. ఆ మోతను వెతుక్కుంటూ పోతే ఆవులు కనిపించాయి.

చిన్న ఆవులు. మన ఒంగోలు ఎత్తులో సగం ఉంటాయేమో. మూపురం పిడికెడు. పాక గోడకి ఉప్పు పొర పేరుకుంది, ఆ నేలలో గోడలన్నిటికీ అంతే. వరసగా నిలబడి ఆ గోడను నాకుతున్నాయి. మంచు వాటి చుట్టూ ఆగిపోయి ఉంది. కొండలు వాటిని వెతుక్కుంటూ సముద్రం దాటి వచ్చాయా అనిపించింది నాకు.

మల్లన్న నలభై ఏళ్ళ మనిషి. కరీంనగర్ జిల్లాలో కురుమల ఇల్లు. చిన్నప్పుడు గొర్రెలు కాశాడు, పెద్దయ్యాక కట్టడం పనికని బహ్రెయిన్ వచ్చి, ఇక్కడ మళ్ళీ పశువుల దగ్గరికే చేరాడు. జొన్న చొప్ప ముక్కకి పచ్చి జత్ చుట్టి, తమలపాకు చిలకలాగా మడిచి, ఒక్కో ఆవు నోటికి అందిస్తున్నాడు. కొండల మీద ఆడవాళ్ళు అలాగే తినిపిస్తారట. ఓడ దిగినప్పుడు తొట్టిలో వేస్తే ముట్టుకోలేదట ఇవి.

"అత్తగారింటికచ్చిన కోడండ్లు. అన్నం వెట్టేదాక ఆగుతయి," అన్నాడు మల్లన్న.

బావ నవ్వాడు. "చూశావా, మన మల్లన్న ఇవాళ ఒక వాక్యం మాట్లాడాడు. వర్షం పడుద్ది."

అప్పుడే నా చున్నీని ఎవరో లాగారు. తిరిగి చూస్తే ఒక దూడ. ఎర్రది, నుదుటి మీద తెల్లటి చుక్క. కాళ్ళు సన్నం, కళ్ళు పెద్దవి. నా వేలు నోట్లోకి తీసుకొని చప్పరించింది. ఆవులంటే భయపడే నేను వేలు వెనక్కి తీసుకోలేకపోయాను.

"ముత్యం," అన్నాడు మల్లన్న. ఓడ దిగాక పుట్టిన మొదటి పెయ్య. తల్లి పారుడుతో పోయింది. సీసాతో పాలు పట్టి పెంచాడు. ఎనిమిది నెలలదట, చూస్తే మూడు నెలల దూడలా ఉంది.

పాలు పితికే వేళ ముత్యం పని ఏమిటో చూశాను. కొండ ఆవులు కూడా మన నాటు ఆవుల్లాంటివే. దూడ ముట్టుకుంటేనే చేపుతాయి, లేకపోతే పాలు పొదుగులోనే దాచుకుంటాయి. దూడలు పోయిన ఆవులకి ముత్యమే దూడ. మల్లన్న దాన్ని ఎర్రావు దగ్గరికి తీసుకెళ్ళాడు. అది నాలుగు గుక్కలు కుడిచింది, ఎర్రావు దాని వీపు నాకింది, పొదుగు నిండింది. దూడను పక్కకు కట్టి పిండుకున్నాడు. తర్వాత ఇంకో ఆవు. తర్వాత ఇంకోటి. అన్నీ దాన్ని నాకాయి. తల్లి లేని పిల్లకి ఇంతమంది తల్లులా అని ఆ సాయంత్రం డైరీలో రాసుకున్నాను. చాలా అందమైన సంగతి రాశాననుకున్నాను.

డాక్టరు మాట

పశువుల డాక్టరు సూడాన్ ఆయన. తాటిచెట్టంత పొడుగు, గొంతు మాత్రం లాలిపాటలా ఉంటుంది. అంతకుముందు తీసుకెళ్ళిన నెత్తురు పరీక్షల జవాబుతో ఆయన వచ్చిన రోజున నేను తోటలోనే ఉన్నాను. అరబీలో ఏదో చెప్పాడు. మల్లన్న ముత్యం మెడలో తాడు గట్టిగా పట్టుకొని తల అడ్డంగా ఊపాడు.

"లేగ మాంసం మెత్తగుంటదని కోస్కుంటందుకు రోగమని చెప్తున్రు," అన్నాడు బావతో. "నేనియ్య."

డాక్టరు నిట్టూర్చి, "ఇతని భాషలో చెప్పగలవాళ్ళు లేరా?" అని ఇంగ్లీషులో అడిగాడు. బావ ఇంగ్లీషు ట్రాఫిక్ సిగ్నళ్ళ దగ్గర ఆగిపోతుంది. నా వైపు చూపించాడు. "మా మరదలు పుస్తకాల పురుగండి సార్."

 డాక్టరు ఒక్కో మాటా ఆగి ఆగి చెప్పాడు. నేను నేలను చూస్తూ తెలుగులో అన్నాను.

ఇది కంటికి కనబడని క్రిమి తెచ్చే పారుడు. కొండల మీద ఇంటికొక ఆవు దూరదూరంగా ఉంటుంది కాబట్టి ఈ ఆవులు దాన్ని ఎప్పుడూ ఎరగవు. ఓడలో వేరే పశువులతో కిక్కిరిసి వచ్చేటప్పుడు అంటుకొని ఉంటుంది. పెద్ద ఆవులు కొన్నాళ్ళు పారి, తట్టుకుంటే లేస్తాయి. కానీ చూడితో ఉన్న ఆవుకి సోకితే కడుపులో పిండానికి చేటు. ముత్యం తల్లికి అలాగే సోకింది.

"కడుపులో ఉండగా, ఏది తనదో ఏది పరాయిదో ఒంటికి తెలియకముందే పట్టింది మల్లన్నా. అందుకని దాని ఒళ్ళు ఆ జబ్బును తనదే అనుకుంది. దాంతో పోట్లాడదు. బతికినంత కాలం దాని ఉమ్ములో, ముక్కులో, పేడలో వస్తూనే ఉంటుంది. దానికి మందు లేదు. అది ఎవర్ని ముట్టుకుంటే..."

అక్కడ ఆగిపోయాను. మల్లన్న నన్నే చూస్తున్నాడు.

"చెప్పు చెల్లె."

"ముట్టుకున్న ఆవుకల్లా వస్తుందట."

 మల్లన్న చేతిలో తాడు వదులైంది. ముత్యం అతని లుంగీ అంచు చప్పరిస్తోంది.

"ఒక్కొక్క ఆవు ముందట నేనే నిలవెట్టిన," అన్నాడు. "సేపుతదని. నా సేతులతోని."

డాక్టరు "ఏమన్నాడు?" అన్నాడు. చేపు అన్న మాటకి నాకు ఇంగ్లీషు దొరకలేదు. దూడ ముట్టుకుంటే తప్ప తల్లికి పాలు దిగవని, అందుకని తిప్పాడని, చేతులు ఊపుతూ ఎలాగో చెప్పాను. డాక్టరు ముఖం మారింది. "మా అమ్మ కూడా అదే చేసేది. నైలు పక్కన మా ఊళ్ళో," అన్నాడు. వంగి ముత్యం నుదుటి మీద చుక్కను వేలితో తాకాడు.

"మల్ల ఒక్కపారి సూడుమను," అన్నాడు మల్లన్న.

డాక్టరు ఒప్పుకున్నాడు. ఎలాగూ ఒక పరీక్షతో తేల్చకూడదట. మూడు వారాలాగి ఇంకోసారి నెత్తురు తీస్తారు. అప్పటికీ క్రిమి ఉంటే ఇక సందేహం లేదు, దూడను ఉంచకూడదు. అందాకా దూడను దూరంగా కట్టాలి. తెల్లావు సంగతి అడిగితే, ఓడలోనే జబ్బు పడి లేచింది, చూలు ఆ తర్వాతే నిలిచింది కాబట్టి ఆశ ఉందన్నాడు. ఆశ అన్నాడంతే, మాట ఇవ్వలేదు.

పొగకొండ

ముత్యాన్ని తోట ఆ చివర పంపు గదిలో కట్టాక ఆవులు పాలివ్వడం మానేశాయి. సాయంత్రం దాకా ఒకటే అరుపు. ఈ చివరి నుంచి ఎర్రావు, ఆ చివరి నుంచి ముత్యం. అర్బాబు ఒకసారి వచ్చి, ఖాళీ బకెట్ చూసి, ఏమీ అనకుండా వెళ్ళాడు. అనకపోవడమే భయమన్నాడు బావ.

ఒక శుక్రవారం మల్లన్న బావని అడిగాడు, "ఈడ గుట్ట ఉన్నదంట గద, సూపిస్తవా?" అని. ముగ్గురం వెళ్ళాం. దారిలో ఆలీ అనే ఊరి దగ్గర పాతకాలపు సమాధి దిబ్బలు, చీమలు తవ్విపోసిన మట్టిలా లెక్కలేనన్ని. ఎప్పటివో ఎవరివో తెలియని మనుషులు ఆ దిబ్బల కింద పడుకొని ఉన్నారు. దిబ్బల మధ్య పిల్లలు బంతాడుకుంటున్నారు. మన దగ్గరైతే ఆ వైపు పోనివ్వరు.

దేశానికంతటికీ ఎత్తయిన చోటు పొగకొండ. దూరం నుంచి చూస్తే నిజంగానే నీలంగా, పొగ కప్పుకొని తేలుతున్నట్టుంది. దగ్గరికి పోయేకొద్దీ తగ్గిపోయింది. బండి దిగి మల్లన్న నడుం మీద చేతులు పెట్టుకున్నాడు.

"గిది గుట్టనా? మా ఊరి బండ ఇంతకన్న పెద్దగుంటది."

"మెల్లగా అను బాబూ. వింటే వీసా క్యాన్సిల్ చేస్తారు," అన్నాడు బావ.

అయినా పైదాకా ఎక్కాం. పైనుంచి ఇసుక, నూనె బావుల గొట్టాలు, వాటి చివర వెండి గీతలా సముద్రం. అది ఆకాశం కాదని నమ్మడానికి సమయం పట్టింది. మల్లన్న రాళ్ళ సందుల్లో మొలిచిన ముళ్ళగడ్డి గుప్పెడు కోసి తువాలులో కట్టుకున్నాడు. ఎందుకని నేను అడగలేదు. సాయంత్రం తోటలో తెల్లావు ముందు పెట్టాడు. అది వాసన చూసింది. మూతి తిప్పుకొని గోడను నాకసాగింది.

"ఇది గుట్ట గాదని దానికి సుత ఎరికే," అన్నాడు. ఆ మూడు వారాల్లో అతను నవ్వింది అప్పుడొక్కసారే.

గుదైబియాలో తప్పిపోవడం

అక్క నడవడం మొదలుపెట్టాక దారం, సూదులు కొనుక్కురమ్మని బావతో గుదైబియా బజారుకి పంపింది. బండి పెట్టి వస్తానని బావ వెళ్ళిన కాసేపట్లోనే ఒక సందు తిరిగి దారి తప్పాను. అన్నీ ఒకే రంగు మేడలు, వరండాల నిండా ఆరేసిన లుంగీలు. దారి అడగడానికి సిగ్గు. ఎవరి కిటికీలోంచో చింతపండు పులుసు తాలింపు వాసన వస్తే, దాన్ని పట్టుకొని నడిచాను. అది ఒక లాండ్రీ వెనక వంటగదిలో తేలింది. ఇస్త్రీ చేస్తున్న రాజోలు ఆయన పైకి చూసి, "తప్పిపోయారాండి? కూర్చోండి, అందరూ ఇక్కడికే వస్తారు," అన్నాడు. బావ వచ్చేసరికి ముక్కు చీదుకుంటూ పులుసన్నం తింటున్నాను.

తిరిగి వస్తుంటే దారిలో డాక్టరు బండి తోట వైపు పోతూ కనిపించింది. రెండో పరీక్ష జవాబు వచ్చిందన్నమాట. బావ బండి అటు తిప్పాడు.

పంపు గది

ఈసారి డాక్టరు నన్ను చూడగానే తలూపాడు. నేను తెలుగు చెయ్యాల్సిన అవసరం రాలేదు. మల్లన్న ఆయన ముఖంలోనే చదువుకున్నాడు. ముత్యంలో క్రిమి అలాగే ఉంది. మిగతా వాటిలో దేనిలోనూ లేదు.

అర్బాబు కూడా వచ్చాడు. తెల్లటి దుస్తుల్లో ఖర్జూరం మొదలు దగ్గర నిలబడి, తల పాగా అంచు చేత్తో నలుపుతున్నాడు. దూడ పోతే మంద నిలుస్తుందని డాక్టరు చెప్పాడు. నిలిస్తే ఉంచుకుంటానన్నాడు అర్బాబు. డాక్టరు దాన్ని ఇంగ్లీషులో చెబితే నేను మల్లన్నకి చెప్పాను.

"కొయ్యద్దని చెప్పు. సూది మందుతోని పండవెట్టుమను. తోలు సుత తియ్యద్దు."

మన ఊళ్ళలో దూడ చస్తే తోలులో గడ్డి కూరి ఆవు ముందు నిలబెడతారు, చేపడానికి. ఆ తోలు కూడా ఉంచకూడదని డాక్టరు ఎలాగూ చెప్పేవాడే. మల్లన్న ముందే అనేశాడు.

పంపు గదిలోకి మల్లన్న ఒక సీసా పాలు పట్టుకెళ్ళాడు. డాక్టరు వెంట వెళ్ళాడు. నేను బయట కాలవ గట్టు మీద కూర్చున్నాను. లోపల్నించి పాలు చప్పరిస్తున్న చప్పుడు కాసేపు వినిపించింది. తర్వాత వినిపించలేదు. తోట అంచున లోతుగా తవ్వి, సున్నం చల్లి పూడ్చారు. అర్బాబు కూడా ఒక పార మట్టి వేశాడు.

ఉప్పు

నేను బయల్దేరే రోజు ఉదయం మళ్ళీ మంచు. విమానానికి ముందు గడ్డి దింపాలని బావ తోటకి పోనిచ్చాడు.

మల్లన్న ఎర్రావు పక్కన బకెట్ పెట్టుకొని కూర్చున్నాడు. పొదుగు నిండుగా ఉంది. చుక్క రావడం లేదు. ఆవు మాటిమాటికీ పంపు గది వైపు తల తిప్పుతోంది. ఇలాగే రోజులు పోతే పొదుగు ఎండిపోతుందని, ఎండితే అర్బాబు మాట ఎన్నాళ్ళు నిలుస్తుందని నాకు తెలుసు. మల్లన్నకీ తెలుసు.

"చెల్లె, జెర ఇట్ల రా."

గోనెలోంచి గుప్పెడు కల్లుప్పు తీసి నా అరచేతిలో పోశాడు. "దాని మూతి కాడ వెట్టు. భయపడకు."

భయపడ్డాను. అయినా చెయ్యి చాచాను. ఎర్రావు ముక్కు వెచ్చగా తగిలింది. ముందు వాసన చూసింది. తర్వాత నాకింది. ఆ నాలుక గరుకు చెప్పడానికి నాకు మాటలు లేవు. దూడ వీపుని నాకినట్టే, తొందర లేకుండా, అరచెయ్యి, మణికట్టు, గాజుల దాకా. మల్లన్న గొంతులో ఏదో కూనిరాగం. ఉప్పు అయిపోయింది. నేను చెయ్యి తీయలేదు. అది నాకడం ఆపలేదు.

తెల్లావు ఈనిందని, పెయ్య తనంతట తానే లేచి నిలబడిందని, డాక్టరు పరీక్ష చేసి మంచి మాటే చెప్పాడని వేసవిలో అక్క ఫోన్లో చెప్పింది. ఆ ఉదయం మాకు ఆ సంగతి తెలియదు. చుట్టూ మంచు. చెట్లకి తలలు లేవు. బావ హారన్ ఎక్కడో చాలా దూరంలో మోగుతోంది. ఖాళీ బకెట్ అడుగున ఠంగుమని ఒక ధార పడింది. మల్లన్న తలెత్తలేదు. ఇంకో ధార పడింది. తర్వాత రెండు చేతులా, ఆగకుండా, ఆ చప్పుడు మెత్తబడేదాకా.